అమ్మానాన్నలతో బయట కాఫీ, భోజనం, ఓ పెగ్గు: హోటల్ పేరు కంటే వెళ్లే వేళ ముఖ్యం

ప్రశ్న: తెనాలి నుంచి అమ్మానాన్న ఐదు రోజులకు హైదరాబాద్ వస్తున్నారు. నాన్నకు 68 ఏళ్లు, షుగర్‌కి మాత్రలు వాడతారు. అమ్మకు 63, రోజూ పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది, శనివారం నీచు ముట్టదు. బెంగళూరు నుంచి తమ్ముడు కూడా వస్తున్నాడు. ఇంట్లో నా భార్య, ఆరేళ్ల పాప. కిందటిసారి ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి పేరున్న రెస్టారెంట్‌కి తీసుకెళ్తే గంట సేపు బయట కూర్చోవాల్సి వచ్చింది. నాన్న మెనూలో రేట్లు చూసి ‘నాకు ఆకలిగా లేదురా’ అన్నారు. పాప నిద్రపోయింది. బిల్లు దగ్గర నాన్నకీ నాకూ మాటామాటా వచ్చింది. ఈసారి కాఫీకి, భోజనానికి, వీలైతే నాన్నతో కూర్చుని ఒక పెగ్గు వేయడానికి కూడా బయటికి వెళ్లాలని ఉంది. ఇంతవరకూ ఆయన ముందు నేను తాగలేదు. మంచి చోట్లు చెప్పండి.

సమాధానం:

విజయవాడలో ఒక టిఫిన్ హోటల్లో సప్లయర్‌గా చేరి, తర్వాత హైదరాబాద్‌లో ఆర్డర్లు తీసుకునే కెప్టెన్‌గా, ఫ్లోర్ మేనేజర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను. కిందటిసారి మీ సాయంత్రం పాడైంది రేట్ల వల్ల కాదు, నాన్నగారి వల్ల అసలే కాదు. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర వల్ల. అదే రెస్టారెంట్‌కి మామూలు రోజు ఏడింటికి వెళ్లి ఉంటే అదే కూర, అదే రేటు, అదే నాన్నగారు. కానీ ఇంటికి వచ్చేటప్పుడు కారులో మాటలు వేరేగా ఉండేవి.

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదింటి దాకా లోపల ఏం జరుగుతుందో చెప్తాను. కిచెన్‌లోకి ఒకేసారి ఇరవై, ముప్పై ఆర్డర్లు పడతాయి. తందూర్ ఒక్కటే ఉంటుంది, దాని దగ్గర మాస్టర్ ఒక్కడే ఉంటాడు. రోటీలు మీ టేబుల్‌కి వచ్చేసరికి కూర చల్లారిపోతుంది. మామూలు రోజు ఐదు టేబుళ్లు చూసుకునే కెప్టెన్‌కి ఆ రోజు పది ఇస్తారు. మీరు ‘కారం తక్కువ’ అని చెప్పిన మాట అతను రాసుకుంటాడు, కానీ లోపల ఎవరూ చదవరు. పైగా బయట యాభై మంది నిలబడి ఉంటే మిమ్మల్ని త్వరగా లేపాలని అందరికీ ఉంటుంది. ప్లేటు తీసేసే వేగంలోనే తెలిసిపోతుంది. ఇక మీ నాన్నగారి సంగతి చూడండి. తెనాలిలో ఏడున్నర, ఎనిమిదికల్లా తినేసే మనిషి. షుగర్ మాత్ర వేసుకున్నారో, వేసుకోవాలో తెలియని పరిస్థితిలో గంట సేపు కుర్చీలో కూర్చున్నారు. ఆకలి చచ్చిపోయాక చేతికి మెనూ వచ్చింది. అప్పుడు రేట్లు తప్ప ఇంకేం కనబడతాయి?

కాబట్టి నా సలహా ఇది. కాఫీ, భోజనం, పెగ్గు, మూడింటినీ ఒకే సాయంత్రంలోకి కుక్కకండి. ఐదు రోజులున్నాయి. దేని వేళ దానికుంది, దేని మనుషులు దానికున్నారు. కాఫీకి అమ్మానాన్న, మీరు చాలు. భోజనానికి అందరూ. పెగ్గుకి నాన్న, మీరు, తమ్ముడు.

ముందు కాఫీ.

ఫిల్టర్ కాఫీ తాగడానికి పొద్దున ఆరున్నర, ఎనిమిది మధ్య వెళ్లండి. పొద్దున గాలి బాగుంటుందని కాదు. మొదటి డికాక్షన్ అప్పుడే ఉంటుంది. ఫిల్టర్ పైగిన్నెలో పొడి వేసి, మరిగి దించిన నీళ్లు పోస్తే చుక్కచుక్కగా కిందకి దిగేది చిక్కటి డికాక్షన్. అదే పొడిమీద రెండోసారి నీళ్లు పోస్తే వచ్చేది పలుచన. రద్దీ పెరిగే కొద్దీ కొన్నిచోట్ల మొదటిదీ రెండోదీ కలిపేస్తారు. పైగా డికాక్షన్‌ని గంటల తరబడి వేడిమీద ఉంచితే చేదెక్కుతుంది. పాలు కూడా అంతే, పొద్దున ఒకసారి పొంగిన పాలకీ, పదకొండింటిదాకా మరుగుతూ ఉన్న పాలకీ రుచి ఒకటి కాదు. పదకొండింటికి తాగి ‘ఇంతేనా ఇక్కడి కాఫీ’ అనేవాళ్లలో చాలామంది పొద్దున్నే వచ్చి ఉంటే ఆ మాట అనరు.

చోటు అడిగారు కాబట్టి చెప్తున్నాను. అబిడ్స్‌లో తాజ్ మహల్ హోటల్ పాతకాలపు టిఫిన్ హోటల్, హాలు విశాలం, కుర్చీలు నిటారుగా ఉంటాయి. హిమాయత్‌నగర్ మినర్వా కాఫీ షాప్ కూడా పెద్దవాళ్లతో వెళ్లడానికి బాగుంటుంది. మీరుండే పేటలో నిలబడి తాగే చిన్న టిఫిన్ సెంటర్ కాఫీ వీటికంటే బాగున్నా ఆశ్చర్యం లేదు. కానీ 68 ఏళ్ల మనిషితో తీరిగ్గా మాట్లాడాలంటే కూర్చునే చోటే కావాలి. ఎన్నింటికి తెరుస్తారో ముందు రోజే ఫోన్‌లో చూసుకోండి.

ఆర్డర్ చెప్పేటప్పుడు ‘మూడు కాఫీ’ అని ఊరుకోవద్దు. నాన్నగారికి ‘విత్‌ఔట్, స్ట్రాంగ్’ అని విడిగా చెప్పండి. మన హోటళ్లలో ‘విత్‌ఔట్’ అంటే చక్కెర లేకుండా అనే అర్థం, అది ఏ సప్లయర్‌కైనా తెలుసు. కాఫీ రాగానే డబరాలోకి ఒకసారి తిరగబోయనివ్వండి. చక్కెర కలిసిందేమో రుచి చూసి మరీ ఇవ్వండి, హడావుడిలో గ్లాసులు మారిపోవడం మామూలే.

అమ్మగారి విషయంలో ఒక జాగ్రత్త. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకున్నాక కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగాలి. వెంటనే తాగితే మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు. లేవగానే మాత్ర వేసుకుని, స్నానం చేసి, బయల్దేరి వెళ్లేసరికి ఆ గంట దానంతటదే గడిచిపోతుంది. ఇలాంటివి ముందే లెక్క వేసుకుంటే అక్కడ కూర్చుని ‘అయ్యో, మీరు తాగండి, నేను తర్వాత తాగుతా’ అనే పరిస్థితి రాదు.

చికోరీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ తమ్ముడు బెంగళూరు నుంచి వస్తున్నాడంటే ‘ప్యూర్ అరబికా తాగుదాం నాన్నా’ అని కచ్చితంగా అంటాడు. మన ఇళ్లలో తరతరాలుగా తాగుతున్నది చికోరీ కలిసిన పొడే. చట్టం ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంతెంత ఉందో ప్యాకెట్ మీద రాయాలి. చికోరీలో కెఫీన్ ఉండదు. డికాక్షన్‌కి నలుపు, చిక్కదనం, ఆ చిరుచేదు వచ్చేది చాలావరకు దానివల్లే. దానికి అలవాటు పడిన నాలుకకి పాలు లేని అరకు అరబికా ఇస్తే పలుచగా, పుల్లగా అనిపిస్తుంది. కాఫీలో లోపం ఏమీ లేదు. అరకు లోయ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అల్లూరి సీతారామరాజు జిల్లా గిరిజన రైతులు పండించే నికార్సయిన కాఫీ అది. నాన్నగారికి రుచి చూపించాలనుంటే ఆయన మామూలు కాఫీ తాగేశాక, ఇంకో రోజు, ఒక కప్పు తెప్పించి ముగ్గురూ పంచుకోండి. రోజూ తాగే కాఫీ స్థానంలో దాన్ని పెడితే మాత్రం ‘ఇదేం కాఫీరా’ అనే మాట తప్పదు.

మెత్తటి సోఫాలున్న ఏసీ కెఫేల గురించి నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. స్నేహితులతో బాగుంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ సోఫాల్లో కూర్చుంటే లేవడానికి ఇంకొకరు చెయ్యివ్వాలి. బోర్డు మీద కాపుచినో 250 అని చూశాక మీ నాన్నగారు అది ఎంత బాగున్నా మెచ్చుకోరు. ఆయన తెనాలిలో ఏ రేటుకి కాఫీ తాగుతారో మీకు నాకంటే బాగా తెలుసు.

సాయంత్రం నాలుగు దాటాక పెద్దవాళ్లకి స్ట్రాంగ్ కాఫీ వద్దు. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. కొత్త చోట ఎలాగూ సరిగ్గా నిద్ర పట్టదు, దానికి ఇది తోడవుతుంది. ఇరానీ చాయ్ తాగాలని ఉంటే చార్మినార్ వెళ్లిన రోజు పొద్దున్నే పక్కన నిమ్రా కేఫ్‌లో తాగండి. డికాక్షన్ మూతపెట్టి సన్నటి సెగమీద ఉంచుతారు, పాలు విడిగా చిక్కగా కాస్తారు, రెండూ కప్పులో కలుపుతారు. చాలాచోట్ల చక్కెర ముందే కలిసి ఉంటుంది కాబట్టి ‘విత్‌ఔట్’ దొరకడం కష్టం. నాన్నగారికి మీ కప్పులోంచి రెండు గుక్కలు, ఒక ఉస్మానియా బిస్కెట్ చాలు. పాపకి బిస్కెట్లు ఎన్ని ఇవ్వాలో నేను చెప్పక్కర్లేదు.

ఇక భోజనం. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, మీ గొడవంతా జరిగింది ఇక్కడే.

అందరూ కలిసి తినే పెద్ద భోజనాన్ని మధ్యాహ్నానికి మార్చండి. పన్నెండుంపావుకల్లా టేబుల్ మీద ఉండాలి. ఆంధ్రా మీల్స్ హోటల్లో ఆ వేళకి అన్నం అప్పుడే దిగి ఉంటుంది, వేపుడు మెత్తబడి ఉండదు, సప్లయర్లు స్నానం చేసి వచ్చినట్టు తాజాగా ఉంటారు. ఒంటిగంటన్నరకి వెళ్తే ఆఫీసుల జనం, రెండున్నరకి వెళ్తే ‘సార్, గోంగూర అయిపోయింది.’ బిర్యానీ కూడా అంతే. హైదరాబాదీ కచ్చి బిర్యానీలో మసాలా పట్టించిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూతకి పిండి అంటించి దమ్ మీద పెడతారు. మధ్యాహ్నం గిన్నె పన్నెండు ఆ ప్రాంతంలో తెరుస్తారు, సాయంత్రం గిన్నె ఏడు ఆ ప్రాంతంలో. నాలుగింటికి, ఐదింటికి మీకు వచ్చేది మధ్యాహ్నం గిన్నె అడుగు, ఎండిపోయి ఉంటుంది. బిర్యానీ బాగోలేదని మనం హోటల్ని తిడతాం, చాలాసార్లు తప్పు గడియారానిది.

రాత్రే వెళ్లాలనుంటే సోమ, మంగళ, బుధవారాల్లో ఏడింటికి వెళ్లండి. తొమ్మిదింటికల్లా ఇల్లు చేరొచ్చు. ముందే ఫోన్ చేసి టేబుల్ బుక్ చేయండి. ‘ఆరుగురం, ఇద్దరు పెద్దవాళ్లు, ఒక చిన్నపాప’ అని చెప్పండి. అలా చెప్తే ఏ కెప్టెన్ అయినా మెట్లు ఎక్కే పై అంతస్తులో వేయడు. టేబుల్ అడిగేటప్పుడు మూడు చూసుకోండి. ఏసీ గాలి నేరుగా తలమీద పడకూడదు. కిచెన్ తలుపు పక్కన వద్దు, ట్రేలు పట్టుకుని పరుగెత్తేవాళ్లకి పాప అడ్డం వస్తుంది. వాష్‌రూమ్ దగ్గరగా ఉండాలి కానీ ఎదురుగా ఉండకూడదు. స్పీకర్ కింద కూర్చోబెడితే మొహమాటం లేకుండా మార్చమనండి, కాస్త చెవుడు వచ్చిన పెద్దవాళ్లు పాటల హోరులో మాట్లాడడం మానేసి ఊరికే తలూపుతూ కూర్చుంటారు. వాళ్లకి విసుగొచ్చిందేమో అని మీరనుకుంటారు, నిజానికి వినబడక.

రేట్ల సంగతి. మీ నాన్నగారి వయసువాళ్లు మెనూని కుడివైపు నుంచి చదువుతారు. అది పిసినారితనం కాదు, కొడుకు డబ్బు ఖర్చవుతుందన్న బాధ. ఆయనకి మెనూ అందకుండా దాచిపెడితే ఇంకా అవమానం. అందుకని ఆ ప్రశ్నే రాని చోటుకి తీసుకెళ్లండి. ఆంధ్రా మీల్స్ అంటే రేటు ఒక్కటే, ఏం తినాలో ఎంచుకోవాల్సిన పని లేదు, పప్పు నుంచి పెరుగు దాకా వరస ఆయనకి తెలిసిందే. కాకినాడ సుబ్బయ్య గారి హోటల్ శాఖలు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. ఆకులో పదార్థాలు పడుతూనే ఉంటాయి, వడ్డించేవాళ్లు బతిమాలి మరీ పెడతారు. ఆ మర్యాద పెద్దవాళ్లకి తిండి కంటే ఎక్కువ నచ్చుతుంది. శనివారం అమ్మగారిని తీసుకెళ్లడానికి ఇలాంటి పూర్తి శాకాహార హోటలే సరైనది. ‘వెజ్ కూడా దొరుకుతుంది’ అనే చోటుకి ఆ రోజు వద్దు. పక్క టేబుల్ మీద చేపల పులుసు వాసన వస్తుంటే ఆవిడ పెరుగన్నంతో సరిపెట్టేసి ‘బాగుంది నాన్నా’ అంటారు.

అయితే ఒక మాట. అన్‌లిమిటెడ్ మీల్స్ పెద్దవాళ్లు ఎంతమంది ఉంటే అన్ని తీసుకోవాల్సిందే, ఒకటి ఇద్దరు పంచుకోవడానికి ఒప్పుకోరు. పాప తినేది నాలుగు ముద్దలు. చిన్నపిల్లలకి ఏం ఇస్తారో కూర్చునే ముందే అడగండి. కొన్నిచోట్ల పిల్లలకి విడిగా ప్లేటు ఇస్తారు, కొన్నిచోట్ల ఇడ్లీ లాంటిది తెప్పించుకోవచ్చు. నాన్నగారికి అన్నం తక్కువ, కూర ఎక్కువ వేయమని సప్లయర్‌కి మెల్లగా చెప్పండి, ఆయన ముందు గట్టిగా ‘నాన్నకి షుగర్’ అని ప్రకటించకండి. చివర్లో వచ్చే స్వీటు గురించి కూడా అక్కడ పంచాయితీ వద్దు. సగం తింటే తిన్నారు.

మెనూ చూసి ఆర్డర్ ఇచ్చే రెస్టారెంట్‌కే వెళ్తే, ఆరుగురిలో ఒకరు చిన్నపాప కాబట్టి రెండు స్టార్టర్లు, మూడు కూరలు, ఒక బిర్యానీ చాలు. తక్కువైతే మళ్లీ చెప్పుకోవచ్చు. అన్నీ ఒకేసారి చెప్పేస్తే అన్నీ ఒకేసారి వస్తాయి, టేబుల్ మీద చోటుండదు, సగం చల్లారతాయి. స్టార్టర్లు చెప్పి, ‘మిగతావి తర్వాత చెప్తాం’ అనండి. పాపది మాత్రం అందరికంటే ముందు తెప్పించండి. పిల్లల కడుపు నిండితే పెద్దల భోజనం ప్రశాంతంగా సాగుతుంది, దీనికి మినహాయింపు నేనెప్పుడూ చూడలేదు. కెప్టెన్‌ని ‘ఏది బాగుంటుంది’ అని అడిగితే ఖరీదైనదో, కిచెన్‌లో మిగిలిపోతున్నదో చెప్పొచ్చు. ‘ఇక్కడ ఎక్కువమంది ఏం తింటారు’ అని అడగండి. బాగా కదిలే సరుకే తాజాగా ఉంటుంది.

బిల్లు. నాన్నగారు జేబులో చెయ్యి పెట్టకముందే అది అయిపోవాలి. భోజనం చివర్లో చెయ్యి కడుక్కోవడానికని లేచి కౌంటర్ దగ్గరే కట్టేసి రండి. కానీ అన్నిసార్లూ మీరే కట్టకండి. టిఫిన్ హోటల్లో కాఫీ బిల్లు ఆయన్నే కట్టనివ్వండి. ఎప్పుడూ కట్టించుకునే స్థానంలో ఉండడం, జీవితమంతా కట్టినవాడికి కష్టంగా ఉంటుంది. ఆ కాఫీ బిల్లు ఆయన చేతికిస్తే, మధ్యాహ్నం భోజనం బిల్లు దగ్గర పట్టుదల సగం తగ్గుతుంది.

బిల్లులో ఏముందో ఒకసారి చూసే కట్టండి. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. గది అద్దె 7,500 దాటే స్టార్ హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం. సర్వీస్ చార్జి అని విడిగా వేస్తే అది పన్ను కాదు, కట్టి తీరాలని లేదు. దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. తీసేయమని మెల్లగా అడిగితే చాలాచోట్ల తీసేస్తారు. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. కానీ ఆ వాదన అమ్మానాన్నల ముందు పెట్టుకోకండి, కౌంటర్ దగ్గర మాట్లాడుకోండి. టిప్ వేరే సంగతి, అది నేరుగా వడ్డించినవాడి చేతికే నగదు ఇవ్వండి. బిల్లుతో పాటు కార్డు మీద ఇస్తే అది అతనిదాకా ఎంత చేరుతుందో ఆ యాజమాన్యాన్ని బట్టి ఉంటుంది.

చివరిగా పెగ్గు. మీరు దీన్ని ప్రశ్న చివర్లో సిగ్గుపడుతూ అడిగారు కానీ, మీకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే అనిపించింది.

మొదట, నాన్నగారిని రెస్టారెంట్‌లో కూర్చోబెట్టి హఠాత్తుగా ‘నాన్నా, ఏం తీసుకుంటారు’ అనకండి. అది ఆయనకి పరీక్ష. చుట్టూ కోడలు, మనవరాలు ఉంటే ‘నాకొద్దు’ అంటారు, కావాలని ఉన్నా అంటారు. పైగా మీరు తాగుతారని ఆ క్షణంలోనే తెలిస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ముందు రోజు, ఇద్దరే ఉన్నప్పుడు, పొద్దున కాఫీ దగ్గరో, నడకలోనో, ‘రేపు సాయంత్రం తమ్ముడితో కలిసి ముగ్గురం కాసేపు కూర్చుందామా’ అనండి. అంతే. ఆయనకి అర్థమవుతుంది. మాట మార్చేస్తే వదిలేయండి, మళ్లీ ఎత్తకండి. అమ్మగారికి ముందే తెలిసి ఉండాలి. ఆవిడకి తెలియకుండా చేసే పని అయితే నాన్నగారు గ్లాసు కంటే గడియారం ఎక్కువ చూస్తారు. ఒక్కొక్క ఇంట్లో తండ్రి ముందు కొడుకు తాగకపోవడమే గౌరవం. మీ ఇల్లు అలాంటిదైతే తమ్ముడు, మీరు ఇంకో రోజు వెళ్లండి, నాన్నగారితో మజ్జిగ తాగండి. ఏమీ తక్కువ కాదు.

ఒప్పుకున్నారనుకుందాం. వైన్ షాపు పక్కన పర్మిట్ రూమ్ వద్దు. ఫ్యామిలీ హాలు ఉన్న బార్ అండ్ రెస్టారెంట్, లేదంటే మీ ఇంటి బాల్కనీ. నన్నడిగితే మొదటిసారి ఇల్లే మేలు. బయట అయితే ఆరున్నరకే మొదలుపెట్టండి, ఎనిమిదిన్నరకి భోజనం టేబుల్ మీద ఉండాలి.

షుగర్ మాత్రలు వాడుతున్నారు కాబట్టి తాగొచ్చా, ఎంత అనేది ముందు వాళ్ల డాక్టర్ని అడగండి. కొన్ని మాత్రలతో, ముఖ్యంగా ఖాళీ కడుపున తాగితే, షుగర్ బాగా పడిపోతుంది. తడబాటు, చెమట, మాట ముద్దగా రావడం మొదలైతే పక్కవాళ్లు మత్తే అనుకుని ఊరుకుంటారు. అది ప్రమాదం. డాక్టర్ సరేనంటే ముందు ఏదైనా తినాలి. వేయించిన జీడిపప్పు, మిక్స్చర్ కంటే కోడిగుడ్డు, పెసల గుగ్గిళ్లు, చేప ముక్క నయం.

కొలతలో చాలామంది పొరబడతారు. స్మాల్ అంటే 30 ఎంఎల్, లార్జ్ అంటే 60. మన విస్కీల్లో ఆల్కహాల్ 42.8 శాతం, అంటే ఒక లార్జ్‌లో సుమారు 26 ఎంఎల్ అసలు ఆల్కహాల్. 8 శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు 650 ఎంఎల్ సీసాలో 52 ఎంఎల్. అంటే ఒక బీరు రెండు లార్జ్‌లతో సమానం. ‘నాన్నా, మీరు బీరు తాగండి, తేలిక’ అని తమ్ముడు అంటే ఈ లెక్క చెప్పండి. ఒక లార్జ్ ఒంట్లోంచి పోవడానికి రెండు మూడు గంటలు పడుతుంది. కాఫీ తాగినా, చన్నీళ్లతో మొహం కడుక్కున్నా ఆ వేగం పెరగదు. నాన్నగారికి ఒక స్మాల్, చాలా నీళ్లతో, నెమ్మదిగా. మీరిద్దరూ ఒకటి, మహా అయితే రెండు. తండ్రి ముందు కొడుకు తూలకూడదు. ఈ విషయంలో నేను పాతకాలపు మనిషినే.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యానికి కనీస వయసు 21. బండి నడిపేవాళ్ల రక్తంలో ఆల్కహాల్ పరిమితి 100 ఎంఎల్‌కి 30 మిల్లీగ్రాములు, అది ఒక లార్జ్‌తోనే దాటిపోవచ్చు. మొదటిసారి పట్టుబడితే పదివేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. క్యాబ్‌లో వెళ్లి క్యాబ్‌లో రండి. వారాంతాల్లో దొరకడం కష్టం అనుకుంటే ఇది కూడా మామూలు రోజే పెట్టుకోండి. మద్యానికి జీఎస్టీ ఉండదు, రాష్ట్ర పన్ను ఉంటుంది. అందుకే బిల్లులో తిండికీ మందుకీ లెక్క విడిగా కనబడుతుంది, కంగారుపడకండి.

అమ్మగారికి, పాపకి, మీ శ్రీమతికి ఆ సాయంత్రం వేరే ఉండాలి. నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్ ఉంది. నీరా అంటే తాటి, ఈత చెట్ల నుంచి తీసే పులియని రసం, చల్లగా ఉంచకపోతే కొద్ది గంటల్లోనే కల్లుగా మారుతుంది. హుస్సేన్‌సాగర్ గాలికి కూర్చుని తాగొచ్చు. తియ్యగా ఉంటుంది కాబట్టి నాన్నగారిని తీసుకెళ్తే రెండు గుక్కలే. మీవాళ్లు అలా వెళ్లొస్తే, మీ ముగ్గురికీ ఇంట్లో బాల్కనీ ఖాళీగా దొరుకుతుంది.

రోజుల సర్దుబాటు ఇలా చేసుకోవచ్చు. వచ్చిన రోజు ఇంట్లోనే, ప్రయాణం చేసి వచ్చినవాళ్లని బయటికి లాగకండి. రెండో రోజు పొద్దున కాఫీ, టిఫిన్. మూడో రోజు మధ్యాహ్నం అందరూ కలిసి భోజనం, ఆ రోజు ఇంకేం పెట్టుకోవద్దు, తిన్నాక ఇంటికొచ్చి పడుకోవడమే. నాలుగో రోజు సాయంత్రం ముగ్గురి కూర్చోవడం. ఐదో రోజు బ్యాగులు సర్దుకునే రోజు. ఇందులో శనివారం ఏ రోజు పడుతుందో చూసి శాకాహార భోజనం అటు జరపండి. ఆ రోజు అమ్మగారికి ఒంట్లో బాగోకపోయినా, నాన్నగారికి వెళ్లాలనిపించకపోయినా బుక్ చేసిన టేబుల్ కోసం ఎవర్నీ బలవంతం చేయకండి. రెస్టారెంట్‌కి ఒక ఫోన్ చేసి రావట్లేదని చెప్తే చాలు. చెప్పకుండా మానేసేవాళ్లతోనే మాకు ఇబ్బంది.